రెండు గంటల కావలి

నాకు ఉద్యోగం రెండుసార్లు ఊడింది.
రెండుసార్లూ పెట్టెలే ఊడగొట్టాయి.

మొదటిది బీరువా అంత.
ఓర్క్నీ దీవుల ఉత్తరపు కొసన, మా లైట్‌హౌస్‌లో
మార్చి నెల ఒక మంగళవారం బిగించారు.
చీకటి పడితే తనే వెలుగుతుంది,
బల్బు మాడితే తనే మార్చుకుంటుంది,
ఇక మీరు పడుకోవచ్చు మిస్టర్ డ్రెవర్, అన్నాడు ఇంజనీరు,
పడుకోవడం ఏదో బహుమానమైనట్టు.
ఇరవై రెండేళ్లు రాత్రి రెండింటికి లేచినవాణ్ణి.
అద్దాలు తుడిచే గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని
మెట్లు దిగాను.

ఆ చలికాలమే మా థోరాకి దాహం పట్టుకుంది.
తొమ్మిదేళ్ల పిల్ల,
పూలసీసాలో నీళ్లు కూడా వదల్లేదు.
షుగర్ అన్నారు. బతికినన్నాళ్లూ సూది అన్నారు.
నిద్రలో పడిపోతుంది, ఎవరైనా లేచి చూడాలి, అంది నర్సు.
ఎన్నింటికి?
రెండింటికైతే మంచిది.
ఆస్పత్రి వరండాలో నవ్వొచ్చింది నాకు.
మా ఎల్స్పెత్ పోయేదాకా క్షమించలేదు ఆ నవ్వుని.

అలా మళ్లీ కొలువు దొరికింది.
చిన్న టార్చి, నిద్రలోనే చాపే వేలు,
ఎర్రచుక్క, అంకె కోసం ఎదురుచూపు.
నాలుగుకి దిగితే పాలూ బిస్కట్టూ.
ఓడలు రాసినట్టే పుస్తకంలో రాసేవాణ్ణి:
గాలి వాయవ్యం. పిల్ల ఆరు పాయింట్ రెండు.

రెండో పెట్టె సబ్బుబిళ్లంత.
ముప్పై అయిదేళ్ల థోరా నడుముకి వేలాడుతుంది.
దాని కన్ను జబ్బ మీద, నాణెమంత.
కొన్ని నిమిషాలకోసారి చూస్తుందట,
ఇంత చాలు, ఇంకొంచెం, ఆగు, అని
ఎవర్నీ లేపకుండా ఇన్సులిన్ వదుల్తుందట.
మొదటి కాన్పు నిలవలేదు మాకు.
ఆ తొమ్మిది వారాల లెక్కలన్నీ ఇంకా ఆ పుస్తకంలోనే ఉన్నాయి,
ఒక్క అంకె కూడా తప్పు కనపడదు.

తిండి సంగతి మాత్రం దానికి మనమే చెప్పాలి నాన్నా, అంది.
నెలలు నిండేకొద్దీ ఇంకా ముందే చెప్పాలి,
కడుపులో ఉన్నది మందుని లెక్కచేయడం లేదు.
ఓట్స్ జావ ముందు పెట్టుకుని
గడియారం చూస్తూ కూర్చునేది, అట్టకట్టేదాకా.

అయినా నాకు రెండింటికి మెలకువ వచ్చేది.
తలుపు సందులోంచి చూస్తే ఫోన్ మీద అయిదు పాయింట్ మూడు.
నాకు పని లేదు.
కిటికీలో, నీళ్ల అవతల, ఆ దీపం.
ఒప్పుకోడానికి ఇన్నేళ్లు పట్టింది:
ఇరవై ఆరేళ్లలో అది ఒక్క రాత్రీ నాగా పెట్టలేదు.
నేను పెట్టాను, రెండుసార్లు.
ఒకసారి జ్వరం.
ఇంకోసారి ఎందుకో చెప్పను.

అబర్డీన్ ఆస్పత్రి. ముప్పై ఏడో వారం.
అల్లుడు మాన్సీ ఎక్కాల్సిన ఫెర్రీ తుఫానుకి ఆగిపోయింది.
అటు చూడకు నాన్నా, నా మొహమే చూడు, అంది.
నేను సబ్బుబిళ్లని చూశాను.
ఆడపిల్ల. ఆ తర్వాత మాయ పడింది.
ఇన్నాళ్లూ మందుకి ఎదురు తిరిగింది అదేనట.
డాక్టరు వచ్చి సెట్టింగులు మార్చే లోపే
మందు వదలడం ఆపేసింది పెట్టె.
గదిలో అందరూ ఏడుస్తున్న పసిదాని వైపు తిరిగారు.
అదొక్కటే ఇంకా థోరానే చూస్తోంది.

నీళ్లలో పడ్డవాణ్ణి అందరూ చూస్తుంటే
దీపాన్ని చూసేవాడొకడు ఉండాలి.
ఆ పని ఎలాంటిదో నాకు తెలుసు.
బీరువాకి ఎప్పుడూ చెప్పని మాట
సబ్బుబిళ్లకి చెప్పాను, లోపల్లోపల.

రాత్రి నర్సు వచ్చింది, చేతిలో సూది.
తల్లికి షుగర్ కదా, పాపకి చూడాలి, మడమ మీద.
దీనికి పెట్టె లేదా?
లేదండీ. పాదం కాస్త పట్టుకుంటారా?
గోడ గడియారం వైపు చూడలేదు నేను, అవసరం లేదు.
బొటనవేలంత పాదం, వెచ్చగా తన్నింది.

గాలి తెలియదు, ఆస్పత్రి కిటికీలు తెరుచుకోవు.
పాప మూడు పాయింట్ ఒకటి.